బారన్ గారి ఇంటి రొట్టె

1810 జూన్ 5

తెల్మూ, నా బుజ్జి తెల్మూ,

నాకు రాయడం ఎంత వచ్చో నీకు తెలుసు. చిన్నప్పుడు సిస్టర్లు నేర్పిన అక్షరాలు కొన్ని, నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు విసుక్కుంటూ దిద్దించినవి కొన్ని. తప్పులుంటే నవ్వుకో. ప్రార్థన చేసుకుంటే మనసు తేలికపడుతుందంటారు ఫాదర్ గారు. మోకాళ్ళ మీద కూర్చుంటే చాలు, నాకు దేవుడి మీద కోపం వస్తుంది. నీ మీద రాదు. అందుకే నీకు రాసుకుంటున్నాను. ఇది ఇంకెవరికీ చూపించేది కాదు.

వచ్చే నెల ఆరో తేదీకి నువ్వు యుద్ధంలో పోయి ఏడాది. డాన్యూబ్ నది అవతల ఎక్కడో పాతిపెట్టారట. ఎంతమందితో కలిపి పాతిపెట్టారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

మంచి మాట ఒకటి చెబుతాను విను. నీ ఏడాది పూజ జరిగే ఆదివారమే చర్చిలో అందరికీ పంచే దీవెన రొట్టె ఇచ్చే వంతు మనది. ఊరంతా ఇల్లిల్లూ తిరిగి ఆ వంతు మన గుమ్మం దాకా రావడానికి ఎంతకాలం పడుతుందో నీకు తెలుసు కదా. అలాంటిది ఆ రోజుకే వచ్చింది. నమ్మలేక రొట్టెల బట్టీ నడిపే బెన్వాత్ చేత కూడా లెక్క చూయించాను. "అవునే, నీ వంతే. రొట్టె మాత్రం నా పొయ్యిలోనే కాల్చాలి, పోయినసారిలా మాడ్చుకోకు" అంది.

వెంటనే ఫాదర్ గారి దగ్గరికి పోయాను. "ఆ రోజు పూజలో మావాడి పేరు చదివేటప్పుడు బారన్ అంతెల్మ్ జోస్రాన్ అని చదవాలి ఫాదర్" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చూద్దాం ఫిలిబెర్త్" అన్నారు.

చూద్దాం అంటే సరే అన్నట్టే.

జూన్ 7

తెల్లపెట్ట పిల్లల్ని లేపింది. ఒక్క గుడ్డూ మురగలేదు.

జూన్ 10, ఆదివారం

ఊళ్ళో నన్ను బారనమ్మ అంటున్నారు తెల్మూ. బావి దగ్గర "జరగండర్రా, బారనమ్మ వస్తోంది" అని దారి ఇచ్చారు. నేను తల ఎత్తుకునే వెళ్ళి నీళ్ళు తోడుకున్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఏదో వాళ్ళలో వాళ్ళ మాట అయి ఉంటుంది.

బెన్వాత్‌కి మాత్రం నచ్చలేదు. "వాళ్ళు ఎగతాళి చేస్తుంటే నువ్వు మెడ అంత సాగదీస్తావేమే? కొంగలాగున్నావు" అంది.

"ఎగతాళి ఎందుకు చేస్తారు? నా కొడుకు బారన్ కాదా?"

"వాడు బారనే. నువ్వు కాదు. ఫాదర్ గారినడుగు. బిరుదు తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది కానీ కొడుకు నుంచి తల్లికి ఎక్కదు. నీళ్ళు పల్లానికి పోయినట్టే."

"ఊట ఎక్కడుందో ఎవరూ అడగరా మరి?" అన్నాను.

బెన్వాత్ పిండి చేతులతోనే నా బుగ్గ గిల్లింది. "నీతో మాట్లాడ్డం నా వల్ల కాదే తల్లీ."

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే బుగ్గ మీద తెల్లగా పిండి. అట్లాగే బావి దాకా పోయొచ్చాను.

జూన్ 14

కోటలోంచి గుమాస్తా రివ్వార్ కోళ్ళ కోసం వచ్చాడు. కోట దొరసాని మార్కీజ్ గారింటికి ఎవరో చుట్టాలు వస్తున్నారట, పాలూ మొక్కజొన్నా పెట్టి బలిపించిన పుంజులు రెండు కావాలట. రెక్కలు విప్పి, రొమ్ము నొక్కి, మేలుజాతి కోళ్ళకి ఉన్నట్టు కాళ్ళు నీలంగా ఉన్నాయా లేదా చూసి, గంటసేపు సతాయించాడు. ఆ తర్వాత నెమ్మదిగా అసలు మాటకొచ్చాడు.

"ఏమ్మా ఫిలిబెర్త్, ఫాదర్ గారిని ఏదో అడిగావట?"

"అడిగాను."

"ఎందుకొచ్చిన గొడవ? నీ కొడుకు ధైర్యవంతుడు, కాదన్నవాళ్ళు లేరు. కల్నల్ అని చదవమను, అందరం లేచి నిలబడతాం. బారన్ అనేది మాత్రం ఊరికే వచ్చే మాట కాదు. చక్రవర్తి నోటితో అన్నాడే అనుకో, దానికి పత్రం రావాలి, పత్రం మీద ముద్ర పడాలి, ఆ ముద్రలో ఇంటి గుర్తు ఉండాలి. నీ కొడుకుది ఆ లోపలే... అదీ సంగతి. ముద్ర లేదు, బారనూ లేడు. దొరసానిగారి ముందు, నాలుగొందల ఏళ్ళ ఇంటివాళ్ళ ముందు, ఆ మాట ఎట్లా చదువుతారు?"

"చచ్చిపోయాడు కనక ముద్ర పడలేదు. బతికుంటే పడేది."

"బతికుంటే అన్నీ పడేవి." పుంజుల కాళ్ళు కట్టేస్తూ నవ్వాడు. "అయినా పచ్చపొట్టవాళ్ళకి బారన్‌లేమిటమ్మా! మొక్కజొన్న జావ తాగి పొట్టలు పచ్చబడ్డ ఊరు మనది. పచ్చపొట్ట బారన్ అంటే బూర్గ్ సంతలో కోళ్ళు కూడా నవ్వుతాయి."

వాడిదీ ఈ ఊరే. వాడి పొట్టా ఆ రంగే.

చర్చి కప్పు కారుతోంది కదా, దాన్ని మార్కీజ్ గారు బాగు చేయిస్తానన్నారని బెన్వాత్ చెప్పింది. ఫాదర్ గారు ఆవిడ మాట దాటరని కూడా అంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఫాదర్ గారు చూద్దాం అన్నారు. ఆయన మాట ఇస్తే ఇచ్చినట్టే.

జూన్ 15

గుమాస్తాకి ఇచ్చిన పుంజుల్లో ఒకటి ముసలిది. కావాలనే ఇచ్చాను.

జూన్ 19

నా తండ్రీ, ఈ రోజు ఎంత రాసినా తీరదు.

పొద్దున కోళ్ళకి గింజలు వేస్తుంటే ఒక సైనికుడు గేటు దగ్గర నిలబడ్డాడు. కుడిచెయ్యి మోచేతి కింద లేదు. "కల్నల్ జోస్రాన్ గారి ఇల్లు ఇదేనాండీ?" అన్నాడు. సార్జంట్ బూవియే అట. ఎనిమిదేళ్ళు నీ కిందే ఉన్నాడట. లియోన్‌లో వాళ్ళ అక్క ఇంటికి పోతూ, దారిలో కాకపోయినా చుట్టు తిరిగి ఇటు వచ్చాడు.

కుర్చీ వేశాను, కూర్చోడు. "బారన్ గారి అమ్మగారు నిలబడి ఉంటే నేనెట్లా కూర్చుంటానండీ" అంటాడు. ఇద్దరం చాలాసేపు అట్లా నిలబడే ఉన్నాం, పిచ్చివాళ్ళలాగ. ఆఖరికి నేనే కూర్చున్నాను.

పోయినేడు మే నెలలో జరిగిందంతా చెప్పాడు. మీరు నది దాటాక వెనకాల వంతెన తెగిపోయిందట. మందుగుండు రాదు, తిండి రాదు, ఇంకో దళం రాదు. ఎదురుగా ఆస్ట్రియా ఫిరంగులు. కుర్రాళ్ళు గట్టు వదిలి నీళ్ళలోకి దూకబోతుంటే నువ్వు వాళ్ళ మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఏమన్నావో తెలుసా? నీకు తెలియకేం, అన్నది నువ్వే కదా.

"కూర్చోండ్రా! మా అమ్మ పెట్ట గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చోండి. ఉరిమినా లేవదు అది. కుక్క మొరిగినా లేవదు. లేచారా, గుడ్లు చల్లారిపోతాయి."

చావు ముందు నిలబడి కూడా నవ్వారట అందరూ. నవ్వి కూర్చున్నారట. చీకటి పడేదాకా ఆ గట్టు వదల్లేదట. మర్నాడు చక్రవర్తి వచ్చి, పేరు అడిగి, అందరి ముందూ నిన్ను బారన్‌ని చేశాడట.

"మరి మావాణ్ణి మీరంతా ఏమని పిలిచేవాళ్ళు నాయనా?" అని అడిగాను.

బూవియే నేల చూపులు చూశాడు. "చెబితే ఏమనుకుంటారోనండీ."

"ఏమీ అనుకోను."

"పచ్చపొట్ట బారన్ అనేవాళ్ళమండీ. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనే నేర్పారు. కొత్తగా వచ్చిన కుర్రాడు దొరా అన్నా, ప్రభూ అన్నా, నా పొట్ట రంగు చూసి పిలవరా అనేవారు."

గుమాస్తా అన్న మాటే తెల్మూ! అదే మాట. వాడు అన్నప్పుడు బురద పడ్డట్టుంది. ఇతను అంటే వెలిగినట్టుంది.

ఇంకా ఉంది. ముద్ర సంగతి. బారన్ అయిన రెండో వారంలో పారిస్ నుంచి వచ్చిన ఉద్యోగి నీ గుడారానికి వచ్చాడట. ముద్రలో వేసే డాలు బొమ్మ మీద ఏ గుర్తు కావాలి, సింహమా, కత్తా, బురుజా అని అడిగాడట. నువ్వు "పొదుగుతున్న కోడిపెట్ట" అన్నావట.

ఆ ఉద్యోగి కలం కింద పెట్టేశాడట. "కల్నల్ గారూ, చక్రవర్తి గారి బారన్ డాలు మీద పెట్టా?"

"పెట్టే. పుంజు కూడా కాదు, పెట్ట. నన్ను పెంచింది అదే, ఆ గట్టు మీద నిలబెట్టిందీ అదే."

"బాగా ఆలోచించుకోండి, మళ్ళీ వస్తాను" అని వెళ్ళిపోయాడట. వాడు మళ్ళీ వచ్చేసరికి జూలై అయిపోయింది.

అదిరా నాయనా సంగతి. సింహం అని ఉంటే అక్కడికక్కడే ముద్ర పడిపోయేది. నీ అమ్మ పెట్ట కోసం పట్టుపట్టావు కనక పడలేదు.

బూవియేకి ఒక కోడిని కోసి వండాను. ఎడమచేత్తో తింటుంటే చూడలేక ముక్కలు నేనే విడదీసి పెట్టాను. పోయేటప్పుడు ఇంకో మాట చెప్పాడు. చక్రవర్తి కొత్త చట్టంలో డ్యూక్‌లున్నారట, కౌంట్‌లున్నారట, బారన్‌లున్నారట. మార్కీజ్‌లు లేరట. పాత బిరుదులేవీ లెక్కలో లేవట. "మీ ఊరి కోటలో ఉన్నావిడ కాగితం ప్రకారం మామూలు పౌరురాలేనండీ, మీలాగే" అన్నాడు.

నేను అది పట్టించుకోలేదు. ఆవిడ మార్కీజ్ గారు కాకుండా ఎట్లా పోతుంది? మా అమ్మ కాలం నుంచీ మార్కీజ్ గారే.

జూన్ 20

పెట్టట. పుంజు కూడా కాదట.

జూన్ 24

యోహాను పండగ మంటలు వేశారు. నేను పోలేదు. ఇక్కణ్ణుంచే కనిపించాయి.

జూలై 1, ఆదివారం

వంతు ముక్క వచ్చింది. ఈ వారం రొట్టె ఇచ్చిన బుయాతియే ఇంటి కోడలు పూజ అవగానే దీవించిన రొట్టెలోంచి పెద్ద ముక్క కోసి గుడ్డలో చుట్టి తెచ్చింది. మన గుమ్మంలో నిలబడి, "వచ్చే ఆదివారం వంతు మీది" అంది. నేను రెండు చేతులా పుచ్చుకుని, "బుయాతియే గారి ఇంటి నుంచి వచ్చింది, అందుకున్నాం" అన్నాను. ఎప్పటిలాగే చర్చి బంట్రోతు పక్కన నిలబడి విన్నాడు. నేను అన్న మాటే వాడు ఫాదర్ గారికి చెబుతాడు, ఫాదర్ గారు వచ్చే వారం వేదిక మీంచి అదే చదువుతారు. రొట్టె ఎవరిది, ముక్క ఎవరింటి నుంచి వచ్చింది అని.

ఆ పిల్ల పోతూ పోతూ, "మీ తర్వాత వంతు కోటకే కదా పిన్నీ. గుమాస్తా వంటింటి గుమ్మం దగ్గర పుచ్చుకుంటాడు, వాకిట్లోకి పోకు, కుక్కలున్నాయి" అంది.

పిండి, గుడ్లు, వెన్న అన్నీ సిద్ధం చేసుకున్నాను. వెన్న మాత్రం ముందు అనుకున్నదానికి రెండింతలు వేస్తాను.

జూలై 6

ఈ రోజే.

జూలై 8, ఆదివారం

రొట్టె బాగా పొంగింది. ఊరంతా మెచ్చుకున్నారు. చర్చి నిండిపోయింది. నీ పేరు చదివారు. అందరూ లేచి నిలబడ్డారు, మార్కీజ్ గారు కూడా. బారన్ అనే చోట ఫాదర్ గారికి దగ్గు వచ్చింది. దుమ్ము. కప్పు బాగు చేస్తున్నారు కదా, ఒకటే దుమ్ము.

జూలై 9

దగ్గు రాలేదు.

"ఈ ఊరి బిడ్డ, కల్నల్ అంతెల్మ్ జోస్రాన్" అని చదివి, ఆగి, నా వైపు చూసి, వెంటనే కళ్ళు దించుకుని తర్వాతి పేరు చదివారు. ఆ ఆగిన చోట నీ బిరుదు ఉండాల్సింది. ఆ చోటు ఖాళీగా ఉండటం నేను విన్నాను తెల్మూ.

పూజ అయ్యాక కోటకి వంతు ముక్క తీసుకుపోలేదు. గుడ్డలో చుట్టి అలమారలో పెట్టి పడుకున్నాను. మన ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఇట్లా చెయ్యలేదు. ముక్క ఆగిందంటే వంతు తెగినట్టే.

పొద్దున్నే బెన్వాత్ తలుపు బాదింది.

"బతికున్నావా? ఊరు ఊరంతా అదే మాట. ఫిలిబెర్త్ ముక్క మింగేసిందట అంటున్నారు."

"మింగితే మింగాను."

"నీ కోపం ఫాదర్ మీదా, దొరసాని మీదా, రొట్టె మీదా?"

"నాకు ఇంకో కొడుకు లేడు, మనవడు లేడు. వాడు పెళ్ళి చేసుకోలేదు. రేపు నేను పోతే వాణ్ణి బారన్ అనే నోరు ఈ భూమ్మీద ఉండదే బెన్వాతూ. ఒక్కసారి, వాడికి బాప్తిస్మం ఇచ్చిన చర్చిలో, పదిమంది ముందు అనిపించుకుందామనుకున్నాను. ఒక్కసారి. ఆ తర్వాత మర్చిపోతే పోనీ."

బెన్వాత్ నా పక్కన మంచం మీద కూర్చుంది. "కోటవాళ్ళ చేతికి ముక్క ఇచ్చేటప్పుడు ఎవరింటిదని అనేది వాళ్ళే కదే" అంది.

"గుమాస్తా ఏమంటాడో నాకు తెలుసు. కోళ్ళ ఫిలిబెర్త్ ఇంటి నుంచి అంటాడు."

"అయితే గుమాస్తాకి ఇవ్వకు" అంది.

జూలై 11

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎక్కువ రాసినా తక్కువ రాసినా నీకు తెలిసిపోతుంది.

నల్లగౌను వేసుకున్నాను. టోపీ గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్నాను. ముక్క ఎండిపోయింది, పైన కొంచెం పగిలింది కూడా. శుభ్రమైన గుడ్డ మార్చాను. బంట్రోతుని పిలిస్తే, "ఆదివారం దాటాక ఏం ముక్క పిన్నీ" అని గొణిగాడు, కానీ వచ్చాడు. ఎంతైనా చూడాలని ఉంటుంది కదా.

వంటింటి గుమ్మం దగ్గర గుమాస్తా చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"ఇంటివారికి ఇస్తాను" అన్నాను.

"నేనే పుచ్చుకుంటా. ఎప్పుడూ నేనే పుచ్చుకుంటా."

"వంతు ఇంటిది. ఇంటివారు బతికే ఉన్నారు, మంచాన పడి కూడా లేరు. నేను ఇక్కడే ఉంటాను."

"ఎంతసేపు?"

"పెట్ట లేచేదాకా."

అది వాడికి అర్థం కాలేదు. నాకే నవ్వొచ్చింది. వాన చినుకులు మొదలయ్యాయి. నేను కదల్లేదు. కుక్కలు వచ్చి నా పాదాలు వాసన చూసి, కోళ్ళ వాసన కాబోలు, అక్కడే పడుకున్నాయి. వంటమనిషి కిటికీలోంచి చూసి లోపలికి పోయింది. కాసేపటికి మార్కీజ్ గారే వచ్చారు. చేతికర్ర, పాత శాలువా. చేతి తొడుగులకి కుట్లు. దగ్గర్నుంచి చూస్తే నాకంటే ఎంతో పెద్దది కాదు.

"ఏమిటి ఫిలిబెర్త్? రొట్టె ముక్క పెట్టి కోట ముట్టడి చేస్తున్నావా?"

"వంతు ముక్క తెచ్చాను దొరసానిగారూ."

"మూడు రోజులు ఆలస్యం."

"అవునండీ."

"సరే ఇలా ఇవ్వు." చెయ్యి చాపారు. నేను ఇంకా ఇవ్వలేదు. గుమాస్తా ఏదో అనబోతే ఆవిడ కర్ర ఎత్తారు, వాడు నోరు మూసుకున్నాడు.

"పుచ్చుకునేటప్పుడు ఎవరింటి నుంచి వచ్చిందో అనాలి కదండీ. బారన్ జోస్రాన్ గారి ఇంటి నుంచి అనండి."

"ముద్ర పడలేదని విన్నాను."

"పడలేదు."

"మరి నన్ను అబద్ధం ఆడమంటావా?"

తెల్మూ, నేను ముందుగా అనుకుని పోలేదు. నా నోటికి అట్లా వచ్చేసింది.

"దొరసానిగారూ, మీకు మాత్రం ముద్ర ఎక్కడుంది? చక్రవర్తి చట్టంలో మార్కీజ్‌లు లేరట. మరి మిమ్మల్ని మార్కీజ్ గారు అంటున్నది ఎవరు? మేమే. ఆ మాట అంటే తల తీసేస్తామని డప్పు వేయించిన విప్లవం రోజుల్లో, మీరు దేశంలోనే లేని రోజుల్లో, ఈ కోటకి కిటికీలు కూడా మిగలని రోజుల్లో, దారిన పోయేవాళ్ళు ఇది ఎవరి ఇల్లంటే మార్కీజ్ గారి ఇల్లు అని చెప్పాం. ఏ కాగితం చూసి చెప్పాం? మీ బిరుదుని ఇన్నేళ్ళు మా నోళ్ళల్లో దాచిపెట్టాం. మీరొచ్చాక పదిలంగా మీకు అప్పజెప్పాం. నా కొడుకు బిరుదుని మీ నోట్లో ఒక్కసారి పెట్టుకోమంటున్నాను. దాచమనడం లేదు. ఒక్కసారి."

గుమాస్తా మొహం సున్నంలా పాలిపోయింది. బంట్రోతు ఆకాశంలోకి చూస్తున్నాడు. వాన పడుతూనే ఉంది.

మార్కీజ్ గారు శాలువా దగ్గరికి లాక్కున్నారు. "ముద్ర ఎందుకు పడలేదు?" అన్నారు.

"డాలు మీద పెట్ట కావాలన్నాడు. వాళ్ళు ఒప్పుకోలేదు."

"ఏ పెట్ట?"

"కోడిపెట్టండీ. పొదిగే పెట్ట."

ఆవిడ పెదవి కొంచెం వంకరపోయింది. ఎగతాళి చేస్తారనుకున్నాను. కర్ర చివరతో తలుపు పైన రాతిని చూపించారు. పాకుడు పట్టి ఏమీ కనిపించని రాయి. "అక్కడేమున్నాయో తెలుసా? మూడు కప్పలు. నాలుగొందల ఏళ్ళుగా మా డాలు మీద కప్పలే. మా మొదటివాడు ఆ చెరువు గట్టు మీద పుట్టాడు, ఇంకేం పెట్టుకుంటాడు? పెళ్ళయి వచ్చిన కొత్తలో పారిస్ నుంచి వచ్చిన మా చెల్లెళ్ళు నన్ను చూసి బెకబెకమనేవాళ్ళు."

నేను నవ్వలేదు. నవ్వొచ్చో కూడదో తెలియలేదు.

"వాడికి వయసెంత?"

"ముప్పై రెండు."

"పిల్లలు?"

"లేరండీ. వాడితోనే ఆఖరు."

"ఇక్కడా నాతోనే ఆఖరు" అన్నారు.

రెండు చేతులూ చాపారు. ఈసారి ఇచ్చాను. ఆవిడ ముక్కని గుండెకి ఆనించుకుని, "అందుకున్నాం" అన్నారు. అంతే. ఎవరింటి నుంచో అనలేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. బంట్రోతుని మాత్రం లోపలికి రమ్మని పిలిచారు.

నేను తడిసి ఇంటికొచ్చాను.

జూలై 13

బంట్రోతు నాకు కనపడకుండా తిరుగుతున్నాడు. బెన్వాత్ అడిగితే, "ఫాదర్ గారికి చెప్పాల్సింది చెప్పాను, మీకు చెప్పే పని కాదు" అన్నాడట.

ఆవిడ అనరు. అనకపోతే ఏం? నేను అడిగాను. ఎవరికీ భయపడకుండా అడిగాను. నువ్వుంటే నా భుజం తట్టేవాడివి.

అంటారేమో.

జూలై 15, ఆదివారం

బెన్వాత్ చెయ్యి పట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్నాను.

కోట రొట్టె పెద్దది కాదు. వెన్న కూడా తక్కువే, రంగు చూస్తేనే తెలుస్తుంది. ఫాదర్ గారు వేదిక ఎక్కారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. కొత్త కప్పు కింద ఆయన గొంతు ఎప్పటికంటే గట్టిగా వినిపించింది.

"ఈ వారం దీవెన రొట్టె కోట ఇంటివారిది. వంతు ముక్క వారికి బారన్ అంతెల్మ్ జోస్రాన్ గారి ఇంటి నుంచి అందింది."

ఒక్కసారి కాదు తెల్మూ. మార్కీజ్ గారు ముందు వరసలోంచి కర్ర నేలకేసి కొట్టారు. "వెనకవాళ్ళకి వినపడలేదు ఫాదర్" అన్నారు. ఆయన మళ్ళీ చదివారు. ఇంకా గట్టిగా. బారన్ అనే మాట గోడలకి తగిలి, కప్పుకి తగిలి, నా ఒళ్ళోకి వచ్చి పడింది.

ఎవరూ కిసుక్కుమనలేదు. బుయాతియే కోడలు తిరిగి నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. గుమాస్తా తన టోపీ అంచు కుట్లు లెక్కపెడుతున్నాడు. బెన్వాత్ పూజ అనే సంగతే మరిచి, "విన్నావటే? రెండుసార్లు!" అని అందరికీ వినిపించేటట్టు అంది.

రొట్టె బుట్ట ఎప్పటిలాగే ముందు మార్కీజ్ గారి దగ్గరికి పోయింది. ఆవిడ ఎప్పటిలాగే మొదటి ముక్క తీసుకున్నారు, అందులోనూ పెద్దది. తీసుకోనీ. నాకు మాట కావాలి, ముక్క కాదు.

బయటికొచ్చాక ఆవిడ బండి ఎక్కుతూ నన్ను చూశారు. పలకరించలేదు. తల మాత్రం కొంచెం వంచారు. నేనూ వంచాను. ఎవరు ముందు వంచారో బెన్వాత్ ఒకటి చెబుతుంది, బంట్రోతు ఇంకోటి చెబుతాడు. నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆ మాట వింటే ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. నువ్వు పుట్టిన రోజున మంత్రసాని నిన్ను పైకెత్తి "మగపిల్లాడు" అని అరిచినప్పుడు ఎట్లా ఉందో అట్లా ఉంది. అప్పుడూ ఇంతే. ఒళ్ళంతా నొప్పి, ఛాతీ మాత్రం ఇంత అయింది.

ఇక ఎవరు ఏమన్నా, అనకపోయినా, నాకు పట్టింపు లేదు. ఊరంతా విన్నది. విన్నది వినలేదనడం ఎవరి వల్లా కాదు. నా కొడుకు బారన్. వాడి తల్లి కోళ్ళ ఫిలిబెర్త్. రెండూ నిజమే, రెండూ ఒకే ఇల్లు.

రేపట్నుంచి రాస్తానో లేదో తెలియదు. కోడిపిల్లలు ఎదుగుతున్నాయి, పని పెరిగింది. బూర్గ్ సంత కూడా దగ్గరకొచ్చింది. నువ్వు ఎక్కడున్నావో, ఎవరి పక్కన కూర్చుని తింటున్నావో, అక్కడ వేళకి పెడతారో లేదో నాకు తెలియదు. సిగ్గుపడకు. చిన్నప్పుడు అందరికీ పెట్టి నువ్వు మిగిలింది తినేవాడివి, అట్లా చెయ్యకు. నీ పళ్ళెం నువ్వు ముందు పెట్టుకుని, నిదానంగా, కడుపు నిండా తిను నాన్నా.